అరవై వాట్ల సర్దుబాటు

ఇంట్లో ఉన్న ఇరవై వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి అరవై వాట్లది పెట్టుకోవాలంటే, పెరిగిన నలభై వాట్లకు సరిపడా గొంతును ఇంటిల్లిపాదీ తమలోంచి తీసి శబ్ద పంపిణీ శాఖకు అప్పజెప్పాలన్న సంగతి గట్టుపాలెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సోమలింగానికీ తెలుసు. తెలిసే ఆ సోమవారం పొద్దున తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, శాఖ ఆఫీసుకు బయల్దేరాడు.

గట్టుపాలెంలో శబ్దం కరెంటులాగే మంజూరు లెక్కన వస్తుంది. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక మీటరు ఉంటుంది. మాటలు, నవ్వులు, కుక్కరు కూత, మిక్సీ రొద, గురక, పూజగంట, అన్నిటికీ ఆ చక్రం తిరగాల్సిందే. మంజూరైనదానికన్నా ఎక్కువ వాడితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోయిన ఇంట్లో లైన్‌మన్ వచ్చి తీగ చుట్టేదాకా ఎవరు నోరు తెరిచినా గాలే వస్తుంది. పెళ్ళిళ్ళకు తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి. చావు ఇళ్ళకు మాత్రం శాఖవారే దయతలచి, శవం లేచేదాకా ఏడుపుకు సరిపడా ఉచితంగా వదులుతారు. ఈ ఏర్పాటు మీద ఊళ్ళో ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో మాటలు కొలిచి వస్తే వింతపడేవాడెవడు?

సోమలింగం అరటిగెలల యార్డులో వేలం పాడతాడు. లారీ దిగిన గెలల వరస ముందు నిలబడి అతను ధర ఎత్తుకుంటే కాలవ అవతలి గట్టు మీద గేదెలు తలెత్తి చూస్తాయని తోటివాళ్ళు వేళాకోళం చేస్తారు. అంత గొంతున్న మనిషికి ఇంట్లో ఒక శబ్దం కరువైంది. అది తండ్రి ఊపిరి.

తండ్రి పెరుమాళ్ళు మేళంలో ఒత్తు ఊదేవాడు. సన్నాయి వాయించేవాళ్ళ వెనక కూర్చుని, ఒకే ఒక్క శ్రుతిని, మధ్యలో తెగనివ్వకుండా, ముక్కుతో గాలి పీలుస్తూ నోటితో వదులుతూ, పెళ్ళి మొదలైన దగ్గర్నుంచి భోజనాలు ముగిసేదాకా ఊదుతూ ఉండటమే ఒత్తు పని. ఆ పనికి రాగం లేదు, శభాష్ లేదు, మెడలో దండ లేదు. ఊదడం ఆపితే మాత్రం అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. పెరుమాళ్ళు బతికినన్నాళ్ళూ ఊదింది ఆ ఒక్క శ్రుతే. ఆయన పోయాక ఇంటికి మిగిలింది ఒక కేసెట్టు. ఎవరి పెళ్ళిలోనో టేపురికార్డరు పెట్టి పట్టింది. అందులో సన్నాయి ఉంది, డోలు ఉంది, వంటవాళ్ళ కేకలున్నాయి, చెప్పులు కనపడటం లేదని ఎవరో పెద్దావిడ పెట్టిన గోల కూడా ఉంది. ఒత్తు ఒక్కటే వినపడదు.

"ఒత్తు ఉందండి బాబూ, ఎక్కడికీ పోలేదు," అన్నాడు స్టీరియోలు బాగుచేసే మస్తాన్, స్పీకరుకు చెవి ఆనించి. "అడుగున పడుకునుందండి. డోలు దాని మీద కూర్చుంది. ఈ ఇరవై వాట్ల డబ్బా దాన్ని లేపలేదు. అరవైది పెట్టారనుకోండి, ఎంచక్కా లేచి కూర్చుంటది."

ఆ మాట సోమలింగం బుర్రలో మేకులా దిగిపోయింది. తండ్రి మొహం గుర్తుంది, నడక గుర్తుంది, తమలపాకు నమిలే తీరు గుర్తుంది. కానీ ఆయన జీవితమంతా పోసిన ఆ ఒక్క శబ్దం ఎలా ఉండేదో గుర్తులేదు. కన్నకొడుకునై ఉండి నాన్న ఊపిరి మరిచిపోయానే అని సోమలింగం నిజంగా కుమిలిపోయాడు. అతను ఒకటి పట్టుకున్నాడంటే అది అయ్యేదాకా అన్నం సయించని మనిషి. ఆంప్లిఫయర్ మార్చాలి, అంతే.

శాఖ ఆఫీసులో అందరూ చాలా మెల్లగా మాట్లాడతారు. తమ కోటాలో సింహభాగం పైవాళ్ళకు ఇచ్చేసుకున్నారని ఊళ్ళో వినికిడి. సహాయ ఇంజనీరు చక్రధరరావు దరఖాస్తు చదివి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"లోడు పెంచుకుందామనుకుంటున్నారు. సంతోషమండి. ఏ గొంతు ఇస్తారు?"

"నాదేనండి. యార్డులో వాడేది. అందులో ఎంత తీసుకున్నా తరగదు."

"అది వాణిజ్య కనెక్షనండి. ధర పలకడానికి మటుకే. మీరు ఇంటికెళ్ళి, చెప్పులిప్పి, మీ ఆవిడతో మాట్లాడే గొంతుంటది చూశారా, అదీ మాకు కావాల్సింది."

"అది పెద్దగా లేదండి," అన్నాడు సోమలింగం నిజాయితీగా.

"ఎవరికీ ఉండదు లెండి. మీ ఆవిడగారిది కూడా చూశాను. మంజూరైన గొంతులో ముప్పాతిక వంతు ఏ ఏడూ వాడలేదు. వాడనిది మురిగిపోతదండి."

"మురిగిపోయి ఎటు పోతదండీ?"

"మైకుల్లోకి," అన్నాడు చక్రధరరావు. "సభలకి కావాలి కదండీ మరి."

సోమలింగం ఏయే రకాల గొంతు తీసుకుంటారో అడిగాడు. పొగడ్తలు ఇవ్వబోయాడు. పొగడ్తలు నిలవుండవని ఇంజనీరు చెప్పాడు. తిట్లు ఇస్తానన్నాడు. తిట్లు గోదాముల నిండా మూలుగుతున్నాయని, ఎలకలు కూడా ముట్టడం లేదని తెలిసింది. పాటలకు ఒకప్పుడు గిరాకీ ఉండేదట, ఎవరి పాట వాళ్ళు పాడుకోవడం మానేశాక రేటు పడిపోయిందట.

"మీకు తొందరగా తేలిపోవాలంటే అభ్యంతరం ఇచ్చేయండి," అన్నాడు చక్రధరరావు. "వద్దు, కాదు, కుదరదు, ఊరుకోను. ఆ జాతంతా. మామూలు మాటలు బస్తాలకెత్తి తెచ్చినా ఒక్క వాట్ రాదు. అభ్యంతరానికి అలాక్కాదు. మీ ముగ్గురివీ కలిపితే నలభై ఇట్టే వచ్చేస్తాయి."

"దానికంత గిరాకీ ఏంటండీ? కొని వాడుకునేవాళ్ళెవరు?"

"వాడుకోవడానికి ఎవరూ కొనరండి. ఊళ్ళో లేకుండా తీసుకెళ్ళేవాళ్ళున్నారు," అని ఇంజనీరు బస్సు వేళ చెప్పినట్టు చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు.

సోమలింగం ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ ఇంత చవక బేరం ఇంకొకటి ఉండదనిపించింది. గట్టుపాలెం వైపు ఎవరినీ మొహమ్మీద కాదనడం మర్యాద కాదు. చేబదులు అడిగినా, సంబంధం అడిగినా, ఎన్నికల్లో ఓటు అడిగినా 'చూద్దాంలెండి' అంటారు. అది 'వద్దు' అని అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. ఇద్దరూ నవ్వుకుని, కాఫీ తాగి, స్నేహంగానే విడిపోతారు. తాతల నాటి నుంచీ ముట్టుకోకుండా అటక మీద పడేసిన సరుకును ఇచ్చేసి, తండ్రి ఊపిరి తెచ్చుకోవడంలో నష్టమేముందో సోమలింగానికి ఎంత వెతికినా కనపడలేదు.

భార్య మంగతాయారు కూర తరుగుతూ ఈ సంగతంతా విన్నది.

"నేను వద్దన్నది ఈ ఇంట్లో ఏది ఆగింది గనకండీ?" అంది. "పట్టుకెళ్ళమనండి. ఆ చోటు ఖాళీ అయినా అవుతుంది."

చిక్కల్లా కూతురు నళినితో వచ్చింది. నళిని డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పుట్టినప్పుడు పిల్లలందరూ ఏడుస్తారు, ఈ పిల్ల మాత్రం అభ్యంతరం చెప్పిందని మంగతాయారు అంటూ ఉంటుంది. కాఫీలో పంచదార ఎక్కువైతే ఒప్పుకోదు. ఆటోవాడు పది రూపాయలు ఎక్కువడిగితే దిగి నడిచి వస్తుంది. కాలేజీలో లైబ్రరీ మధ్యాహ్నానికే మూసేస్తుంటే ప్రిన్సిపాలు గది ముందు నిలబడి, సాయంత్రం దాకా తెరిచి ఉంచుతామని ఒప్పుకునేవరకూ కదల్లేదు. ఇంట్లో ఉన్న అభ్యంతరంలో ఆ పిల్ల వాటా ఎంతో మీటరు చూడక్కర్లేదు.

"నాన్నా, స్టీరియో కోసం అది ఇచ్చేస్తారా ఎవరైనా?"

"స్టీరియో కోసం కాదమ్మా. తాతయ్య కోసం."

"తర్వాత కావాలంటే తిరిగిస్తారా?"

"మనకెందుకమ్మా అది? మీ అమ్మ వాడదు, నేను వాడను."

"నేను వాడతాను కదా!"

సోమలింగం ఆ రోజుకు ఊరుకున్నాడు. మర్నాడు మళ్ళీ ఎత్తుకున్నాడు. అన్నం దగ్గర అడిగాడు, బస్టాపు దాకా కూడా నడిచి అడిగాడు, బట్టలు ఆరేస్తుంటే తీగ అవతల నిలబడి అడిగాడు. వేలంపాట వాడికి ఓపిక ఎక్కువ. ఎదుటివాడి మొహంలో ఎక్కడ మెత్తబడుతుందో చూస్తూ నిలబడగలడు. చివరికి ఒక సాయంత్రం అతను ఏ ఎత్తూ వేయకుండా ఉన్నమాట చెప్పేశాడు. "మా నాన్న నన్ను ఒళ్ళో పెట్టుకుని ఊదేవాడమ్మా. ఆయన పొట్ట ఆడుతుంటే నేను నిద్రపోయేవాణ్ణి. పొట్ట ఆడటం గుర్తుంది గానీ, ఆ శబ్దం గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా రావట్లేదమ్మా." అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నళిని తండ్రిని అలా ఎప్పుడూ చూడలేదు. "సరే" అన్నప్పుడు కూడా ఆ పిల్ల మొహంలో ఒప్పుకోలు లేదు, తండ్రి మీద జాలి మాత్రమే ఉంది.

ఆ గురువారం లైన్‌మన్ యేసుపాదం సైకిలు మీద రాగి డబ్బా కట్టుకుని వచ్చాడు. డబ్బాకు పైన గరాటు, పక్కన ముల్లు. వీధి అరుగు మీద దాన్ని దింపి, గరాటు తుడిచి, ఒక్కొక్కరే వచ్చి ఉన్నదంతా ఇందులో అనేయమన్నాడు. దాచుకుంటే తర్వాత గొంతునొప్పి వస్తుందని హెచ్చరించాడు.

ముందు సోమలింగం వంగాడు. 'వద్దు' అనగానే లోపల్నుంచి చిన్నవీ చితకవీ కొన్ని దొర్లిపడ్డాయి. బాకీ పెట్టిన వ్యాపారులతో అనాల్సినవి, యార్డు కమిటీవాళ్ళతో అనాల్సినవి. ముల్లు కాస్త కదిలి నిలబడిపోయింది. ఇంతేనా అన్నట్టు యేసుపాదం చూశాడు. సోమలింగానికి చిన్నతనంగా అనిపించింది.

తర్వాత మంగతాయారు కొంగు భుజం మీదుగా లాక్కుని గరాటు ముందు నిలబడింది. ఒకటి అంది. రెండోది అంది. ఆ తర్వాత ఆపుదామన్నా ఆగలేదు. వద్దు, వద్దు, నేను రాను, నాకిష్టం లేదు, ఇప్పుడు కాదు, ఆ గాజులు అమ్మొద్దు, మా అమ్మ దగ్గరికి వెళ్తాను, వద్దు. పెళ్ళినాటి నుంచీ అనబోయి మింగేసినవన్నీ వరసపెట్టి వస్తున్నాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆవిడ కదల్లేదు. ముల్లు సగం దాటిపోయింది.

"వాడని గొంతు మురిగిపోతుందన్నారు కదా?" అని సోమలింగం బిత్తరపోయి అడిగాడు.

"అది మామూలు గొంతండి. మింగేసిన అభ్యంతరం మురగదు. ఆవకాయలాగ ఊరుతుంది," అన్నాడు యేసుపాదం గౌరవంగా. "ఆడవాళ్ళ దగ్గరే దొరుకుతుందండి ఇలాంటి సరుకు."

మంగతాయారు పని ముగించుకుని, మూతి తుడుచుకుని, పాలు దించడానికి లోపలికి వెళ్ళిపోయింది. సోమలింగం ఆవిడ వెనకే రెండడుగులు వేసి, ఏం అడగాలో తెలియక ఆగిపోయాడు.

చివరగా నళిని వచ్చింది. గరాటు అంచులు రెండు చేతులతో పట్టుకుని, డబ్బా వంక కాకుండా తండ్రి వంక చూసింది.

"వద్దు నాన్నా," అంది. "నిజంగా అంటున్నాను. ఇది ఇవ్వొద్దు."

ముల్లు చివరికంటా కొట్టుకుని అక్కడే నిలబడింది. యేసుపాదం గబగబా మూత బిగించి సీలు వేశాడు.

"నిండిపోయిందండి. ఆయ్, ఈ ఏడాదంతటిలో ఇంత నికార్సయినది చూడలేదండి. ఇంకొంచెం అనుంటే డబ్బా పగిలేది."

నళిని మళ్ళీ నోరు తెరిచింది. ఏదో అనబోయింది. "అలాగే నాన్నా" అని వచ్చింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆ పిల్ల పెదాలు తడుముకుని చూసుకుంది.

శనివారం మస్తాన్ కొత్త ఆంప్లిఫయర్ తెచ్చి బిగించాడు. నల్లగా, బరువుగా, బియ్యం బస్తా అంత ఉంది. మస్తాన్ తీగలు కలిపి, కేసెట్టు పెట్టి, మీట తిప్పి పక్కకు జరిగాడు. సన్నాయి వచ్చింది. డోలు వచ్చింది. పెద్దావిడ చెప్పుల గోల వచ్చింది. వాటన్నిటి కింద నుంచి, నేల లోపలి నుంచి వచ్చినట్టు, ఒక శ్రుతి మెల్లగా పైకి లేచింది. లేచి ఇక దిగలేదు. సోమలింగం గచ్చు మీద చతికిలబడ్డాడు. అదే. అదే ఊపిరి. ముక్కుతో పీల్చేచోట వచ్చే చిన్న వణుకు కూడా అదే. యాభై దాటిన మనిషి కూతురు ముందు, భార్య ముందు, స్టీరియోలు బాగుచేసేవాడి ముందు హాయిగా ఏడ్చాడు.

"తాతయ్య ఎక్కడా ఆపడా?" అని నళిని అడిగింది. ప్రశ్నలు ఇంకా దాని దగ్గరే ఉన్నాయి.

"ఆపడమ్మా. ఆపితే అందరూ తిరిగి చూస్తారు."

ఆ వేసవంతా ఇంట్లో పెరుమాళ్ళు ఊపిరి ఆడుతూనే ఉంది. మంగతాయారు వంట చేస్తూ వినేది. నళిని చదువుకుంటూ వినేది. సోమలింగం యార్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, స్పీకరు పక్కన వీపు ఆనించి కూర్చునేవాడు. ఇంత సుఖం తను ఎప్పుడూ ఎరగనని అందరితోనూ చెప్పుకున్నాడు.

చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి, రాలేదని కాదు. ఎదురింటివారి గృహప్రవేశంలో వడ్డించేవాళ్ళు వేస్తూనే ఉంటే సోమలింగం చాలనలేక తింటూనే ఉండి, రెండు రోజులు మంచం దిగలేదు. మంగతాయారు గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడి దగ్గరా ఏదో ఒకటి కొంది. ఇంట్లో చీపుళ్ళు కట్టలు కట్టలు పేరుకున్నాయి. నళిని కాలేజీలో లైబ్రరీ మళ్ళీ మధ్యాహ్నానికే మూసేస్తున్నారు, ఆ పిల్ల ఎండలో నడిచి త్వరగా ఇంటికి వచ్చేస్తోంది. పక్కింటివాళ్ళు పెద్ద టీవీకని, వెనకింటివాళ్ళు పాటల పెట్టెకని అప్పటికే ఇచ్చేసి ఉన్నారు కాబట్టి వీధిలో ఎవరి మాటకూ ఎవరూ అడ్డు చెప్పడం లేదు. ఇంత సఖ్యతగా ఉండే వీధి జిల్లాలోనే లేదని శాఖవారు మూల మీద బోర్డు పెట్టారు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం చక్రధరరావు స్వయంగా వచ్చాడు. వెనకాల యేసుపాదం, వాడి సైకిలు మీద ఈసారి పెద్ద డబ్బా. సోమలింగం ఎదురెళ్ళి కుర్చీ వేశాడు.

"ఇంట్లో ముగ్గురే కదండీ? మీటర్లో నాలుగో ఊపిరి తిరుగుతోంది," అన్నాడు ఇంజనీరు.

"మా నాన్నదండి. ఆయన పోయి చాలా కాలమైంది."

"అదేనండి చిక్కు. పోయినవాళ్ళకి గృహ కనెక్షన్ ఉండదు. ఎవరి పేరునా లేని ఊపిరి ప్రభుత్వానిది. ఇరవై వాట్ల మీద మీటరెక్కలేదు కాబట్టి ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు. అరవైకి బయటపడింది." చక్రధరరావు కాసేపు స్పీకరు వైపు చెవి పెట్టి విన్నాడు. "చాలా బాగుందండి. తెగకుండా వస్తోంది. సభల విభాగంవాళ్ళు ఇలాంటిదాని కోసం ఎప్పట్నుంచో వెతుకుతున్నారు. ఉపన్యాసం మధ్యలో పెద్దలు ఊపిరి తీసుకునేచోట ఖాళీ వస్తోందండి. ఆ ఖాళీలో జనం ఆలోచించుకుంటున్నారు. అడుగున ఇలా ఒక శ్రుతి సాగుతూ ఉంటే ఆ బెడద ఉండదు."

సోమలింగం చెయ్యి స్పీకరు మీదికి వెళ్ళింది.

"మీకు అభ్యంతరముంటే చెప్పుకోవచ్చండి," అన్నాడు ఇంజనీరు మర్యాదగా. "అడక్కుండా పట్టుకెళ్ళడం మా పద్ధతి కాదు. మూడుసార్లు అడుగుతాం. ఏమంటారు?"

సోమలింగం లేచి నిలబడ్డాడు. బలమంతా కూడగట్టుకుని నోరు తెరిచాడు.

"చూద్దాంలెండి," అని వచ్చింది.

చక్రధరరావుది పక్క ఊరే. ఆ మాటకు అర్థం ఏమిటో పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడే. అతను ఒక్క క్షణం కిటికీ వైపు చూశాడు. తర్వాత కలం తీసి, ఇంటి యజమాని పరిశీలనకు సుముఖమని రాసుకున్నాడు.

"అమ్మా, మీరేమంటారు?"

మంగతాయారు గుమ్మం పట్టుకుని ముందుకు వచ్చింది. ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. "కాఫీ తాగి వెళ్దురుగాని," అంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. నీళ్ళకు మీటరు తిరగదు.

మూడోసారి నళిని వంతు. ఆ పిల్ల నోరు తెరిచే పనే పెట్టుకోలేదు. పుస్తకంలోంచి కాగితం చింపి, పెద్ద పెద్ద అక్షరాలతో 'వద్దు' అని రాసి, ఇంజనీరు ముక్కు ముందు పెట్టింది.

"చేతిరాత బాగుందమ్మా," అన్నాడాయన మనస్ఫూర్తిగా. "కానీ మాది శబ్ద శాఖ కదా. కాగితం చప్పుడు చెయ్యదు."

నళిని ఆ కాగితాన్ని అతని చెవి దగ్గర పెట్టి పరపరా నలిపింది. ఆ చప్పుడు కాగితానిది తప్ప ఇంటి సభ్యురాలిది కాదని యేసుపాదం మీటరు చూసి చెప్పాడు. అప్పుడు సోమలింగం ఉండబట్టలేక, తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క గొంతును, యార్డు గొంతును, ఎత్తాడు. "ఒకటోసారీ! రెండోసారీ!" అని ఇల్లు అదిరేలా కేక వేశాడు. కాలవ అవతల గేదెలు తలెత్తే ఉంటాయి.

"ధర అక్కర్లేదండి," అన్నాడు చక్రధరరావు. "ఉచితంగానే తీసుకెళ్తున్నాం."

సోమలింగం గదికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. అడ్డంగా నిలబడటం శబ్దం కిందికి రాదు గనక శాఖవారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. యేసుపాదం "తప్పుకోండి బాబూ, నడుం పట్టేసుకుంది" అంటూ అతని చంక కింద నుంచి వంగి లోపలికి వెళ్ళి, స్పీకరుకు గొట్టం తగిలించాడు. ఒత్తు పీల్చుకుపోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కేసెట్టు మాత్రం చట్టప్రకారం వాళ్ళకే వదిలేశారు. అందులో డోలు, సన్నాయి, పెద్దావిడ చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద ఆనుకోవడానికి ఏమీ లేక సన్నాయి అటూ ఇటూ తూలుతున్నట్టు వినిపించింది. సోమలింగం కేసెట్టు ఆపేశాడు.

ఆ తర్వాత అతను ఊరుకోలేదు. శాఖ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. ప్రతిసారీ ఎంతో పట్టుదలగా వెళ్ళి, కౌంటరు ముందు నిలబడి, చూద్దాంలెండి అని చెప్పి వచ్చేవాడు. ఆఖరికి అక్కడి గుమాస్తా ఒకాయన జాలిపడి, తండ్రి ఊపిరి వినాలన్నదే కదా మీ కోరిక, ఆదివారం మంత్రిగారి ప్రసంగం వినండి, అందులోనే వాడుతున్నారని చెప్పాడు. అరవై వాట్లు, ఆ పైన ఉన్న ఇళ్ళన్నిటికీ ప్రసంగం నేరుగా తీగ మీద వస్తుంది. వద్దనుకునే వీలు లేదు, అనుకునేవాళ్ళూ లేరు.

ఆదివారం సాయంత్రం ముగ్గురూ స్పీకరు ముందు కూర్చున్నారు. మంత్రిగారి గొంతు గంభీరంగా మొదలైంది. దాని అడుగున, నిజంగానే, ఒత్తు సాగుతోంది. కానీ మంత్రిగారు డోలుకన్నా గట్టివారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ పెరుమాళ్ళు ఊపిరి ఉందా లేదా అన్నట్టే ఉంది. సోమలింగం మీట తిప్పాడు. తిప్పినకొద్దీ మంత్రిగారే పెరిగారు. అతను విసుక్కోకుండా, చెవి స్పీకరుకు ఆనించి, దొరికిన కాడికి ఏరుకుంటూ విన్నాడు.

ప్రసంగం సగంలో మంత్రిగారు గట్టుపాలెం పేరు ఎత్తారు. అరటిగెలల యార్డు పాతబడిపోయిందని, ఆ స్థలం ఒక పెద్ద కంపెనీకి అప్పగిస్తున్నామని, ఇక మీదట వేలాలూ అరుపులూ లేకుండా గెలలు నిశ్శబ్దంగా అమ్ముడుపోతాయని చెప్పారు. మంగతాయారు గభాలున భర్త చెయ్యి పట్టుకుంది. నళిని లేచి నిలబడింది.

"ప్రజల మాటే మాకు శిరోధార్యం," అన్నారు మంత్రిగారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి." అని ఆగారు.

ఊరంతా ఆగింది. ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. ఆ ఖాళీలో మంత్రిగారు లేరు, సన్నాయి లేదు, డోలు లేదు. పెరుమాళ్ళు ఊపిరి ఒక్కటే, ముక్కుతో పీల్చేచోట చిన్న వణుకుతో సహా, అరవై వాట్లలో గదంతా నిండిపోయింది. ఇంత శుభ్రంగా కేసెట్టులో కూడా ఎన్నడూ వినపడలేదు. సోమలింగం కళ్ళు మూసుకున్నాడు. ఆ పొట్ట ఆడటం వీపుకు తెలిసింది.

"చాలా సంతోషం," అని మంత్రిగారు మళ్ళీ ఎత్తుకున్నారు. ఒత్తు అడుక్కి వెళ్ళిపోయింది. నళిని ఇంకా నిలబడే ఉంది. సోమలింగం కూతుర్ని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుని, మంత్రిగారు ఇలాంటి ప్రశ్న ఇంకొకటి అడిగితే బాగుండునని ఆశగా ముందుకు వంగాడు.